కాయ పెద్దాడిది, కలప చిన్నాడిది

మా బాబాయి జీవితమంతా ఒకే పని మీద ఉన్నాడు. ఒక చెట్టు ఎప్పుడు చస్తుందా అని ఎదురుచూడటం ఆ పని. వడ్రంగం కూడా చేసేవాడు గానీ అది తీరిక దొరికినప్పుడు. ఎదురుచూపు మాత్రం సెలవు లేని ఉద్యోగం. పొద్దున లేచి ముఖమైనా కడుక్కోకుండా పెరట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, పనసచెట్టును మొదలు నుంచి చివరిదాకా చూసేవాడు. మంచాన పడిన ముసలి మేనత్తను పరామర్శించడానికి వచ్చిన వారసుడి చూపు అది. ఆకు పండి రాలితే ముఖం విచ్చుకునేది. కొత్త చిగురు కనిపిస్తే ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు.

ఈ ఘనకార్యానికి పునాది వేసినవాడు మా తాతయ్య. ఇల్లు ఇద్దరు కొడుకులకూ పంచాడు. వెనక పెరడు ఉమ్మడిగా ఉంచాడు. పెరడు మధ్యలో పనసచెట్టు ఉంది. దాన్ని పెద్దవాడికిస్తే చిన్నవాడు ఏడుస్తాడు, చిన్నవాడికిస్తే పెద్దవాడు ఏడుస్తాడు. తాతయ్య బాగా ఆలోచించాడట. ఆయన ఆలోచించకుండా ఉంటేనే మాకు మేలు జరిగేది.

"కాయ పెద్దాడిది, కలప చిన్నాడిది. చెట్టు కాసినంతకాలం పెద్దాడు తింటాడు. ఏ ఏడు కాయదో ఆ ఏడు చిన్నాడు కొట్టుకుంటాడు" అన్నాడట.

పంపకానికి వచ్చిన పెద్దమనుషులు ఆహా అని తలలూపారట. తల ఊపడానికి అందులో ఏమైనా ఉండాలన్న నియమం లేదు కదా. ఇద్దరు కొడుకుల్లో ఒకడికి చెట్టు బతకాలి, ఇంకొకడికి అది చావాలి. అన్నదమ్ముల మధ్య ఇంత చక్కగా నిప్పు పెట్టడం పగవాడికి కూడా చేతకాదు. తాతయ్య మాత్రం తన తెలివికి తానే మురిసిపోతూ హాయిగా కన్నుమూశాడు.

పెద్దాడు అంటే మా నాన్న. ఆయన గురించి కూడా గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఆఫీసులో గుమాస్తా. పనసపళ్ళు పండే రోజుల్లో ఆయనకు ఎక్కడలేని దర్జా వచ్చేది. మొదటి పండు పై అధికారి ఇంటికి వెళ్ళేది. రెండోది ఆ అధికారి బావమరిదికి. ఆ తరవాత ఆఫీసులో ఫైళ్ళు కట్టలు కట్టేవాడి దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ తొనలు అందేవి. గోడకు అవతల ఉన్న తమ్ముడి ఇంటికి మాత్రం ఒక్క తొన వెళ్ళేది కాదు. "వాడికి కలప ఇచ్చారుగా, దాన్ని తినమను" అనేవాడు, చేతులకు నూనె రాసుకుని కాయ కోస్తూ. అమ్మ ఎప్పుడైనా నాలుగు తొనలు కొంగు కింద దాచి పిన్నికి ఇచ్చేది. పిన్ని వాటిని మా ఇంటి గోడ చాటునే నిలబడి తిని, మూతి తుడుచుకుని వెళ్ళేది. కానీ పనస వాసనను దాచడం ఎవరి తరం? బాబాయి పసిగట్టేవాడు. "శత్రువు తిండి తిన్నావా?" అని రెండు రోజులు ముఖం మాడ్చుకునేవాడు.

ఇక బాబాయి వృత్తి సంగతి. మేస్త్రిగా ఆయన చెయ్యి మంచిదే, అబద్ధమెందుకు? మా వీధిలో సగం ఇళ్ళకు తలుపులు ఆయన చేసినవే. గట్టిగా వేసినా చప్పుడు కానివి, వానాకాలంలో బిగుసుకోనివి. గొళ్ళెం పెట్టే చోటు వేలితో తడిమి చూసి గుర్తు పెట్టేవాడు, కొలబద్ద కూడా తీసేవాడు కాదు. ఇంతమంది ఇళ్ళకు తలుపులు చేసిన ఈ మహానుభావుడి ఇంట్లో స్నానాలగదికి తలుపు లేదు.

ఆ గది పెరట్లో ఉంది. మూడు వైపులా ఇటుక గోడ, పైన రేకు, నాలుగో వైపు ఖాళీ. ఆ ఖాళీలో ఒక గోనెపట్టా వేలాడుతుండేది. పిన్ని కాపురానికి వచ్చిన రోజున "ఇది తాత్కాలికమే, పనసచెక్కతో తలుపు చేస్తాను" అన్నాడట బాబాయి. కొత్త పెళ్ళికూతురు కదా, సిగ్గుపడి సరేనంది. ఆ సిగ్గు ఖరీదు ఆమె తరవాత జన్మంతా కట్టింది. గోనెపట్టా చిరిగిపోతే ఇంకో గోనెపట్టా వచ్చేది. బాబాయికి తాత్కాలికం అంటే అర్థం అది.

పిన్ని స్నానం చేయడం ఒక విద్య. ముందు పట్టా అంచు మీద ఇటుకరాయి పెట్టాలి. ఎడమచేత్తో పక్క అంచు గోడకు నొక్కిపట్టాలి. మిగిలిన ఒక్క చేత్తో చెంబు ముంచుకోవాలి, ఒళ్ళు రుద్దుకోవాలి, మధ్యమధ్యలో దగ్గాలి. దగ్గు ఎందుకంటే, పెరట్లోంచి అడ్డదారి ఉంది. పాలవాడు, మీటరు రీడింగు తీసేవాడు, పక్కింటి బడిపంతులు, అందరికీ అది రాజమార్గం. లోపల మనిషి ఉందని వాళ్ళకు తెలియడానికి పిన్ని దగ్గేది. పంతులుగారు ఒకసారి పాపం జాలిపడి, "ఊపిరితిత్తులు చూపించుకోమ్మా, ఆ దగ్గు మంచిది కాదు" అని సలహా ఇచ్చారు. తలుపు పెట్టించుకోమని చెప్పేంత తెలివి ఆయనకూ లేదు.

మా వెనకగది కిటికీ దగ్గర నా కుట్టుమిషను ఉంటుంది. అక్కడ కూర్చుంటే పెరడంతా కనిపిస్తుంది. జాకెట్లు కుట్టుకుంటూ నేను ఈ సర్కస్ చూస్తూ పెరిగాను, చూస్తూనే ముప్ఫై దాటాను. ఒకరోజు ఉండబట్టలేక బాబాయిని అడిగాను.

"బాబాయ్, పిన్నికి ఓ తలుపు చేసి పెట్టకూడదూ?"

"చేస్తానమ్మాయ్. పనసచెక్కతో చేస్తా. నా తరవాత కూడా ఉంటుంది చూడు."

"నీ తరవాత సంగతి సరే. ఇప్పటికి రేకు తలుపైనా పెట్టు."

"నాన్న నాకు కలప ఇచ్చిపోయాడు. పెరట్లో అంత కలప పెట్టుకుని బజారులో చెక్క కొంటానా? నలుగురూ నవ్విపోరూ?"

"ఇప్పుడు నవ్వట్లేదనుకుంటున్నావా?"

"నీకు నోరెక్కువ" అని వెళ్ళిపోయాడు.

ఆలు లేదు, చూలు లేదు అన్నట్టు, చెట్టు ఇంకా నిలబడి ఉండగానే ఆ తలుపుకు ఏ చెక్కడం చెక్కాలో, బందులు ఇత్తడివి పెట్టాలో ఇనుపవి పెట్టాలో అన్నీ నిర్ణయం అయిపోయాయి. టీకొట్టు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేవాడు. "పనసచెక్క అంటే మామూలు చెక్క అనుకున్నావా? కోసిన రోజున పచ్చగా పసుపులా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది. చెదపురుగు దాని జోలికి రాదు. మా చెట్టులో చేవ ఎంత ఉందో తట్టి చూస్తే తెలిసిపోతుంది నాకు." చెట్టులో చేవ ఉందని తెలిసింది. మనిషిలో ఉందో లేదో ఎవరూ తట్టి చూడలేదు. వీధివాళ్ళు ఆయనకు పనస మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ పేరు పొగడ్త అనుకుని మురిసిపోయేవాడు.

పిన్ని మీద జాలిపడాలని నేను చాలాసార్లు ప్రయత్నించాను. జాలి కంటే ముందు కోపం వచ్చేది. ఒకసారి నేనే పాత దుప్పటికి రెండు పొరలు వేసి, పైన ఉంగరాలు కుట్టి, కర్రకు తగిలించుకునేలా తెర తయారుచేసి ఇచ్చాను. కనీసం గోనెపట్టాలా చిల్లులుండవు కదా. పిన్ని దాన్ని మడిచి పెట్టెలో దాచుకుంది. "ఇంత బాగా కుట్టావు, తడిపి పాడుచేయడం ఎందుకమ్మా? అయినా మీ బాబాయి చేస్తానన్నారుగా" అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. దేవుడు మా బాబాయిని ఊరికే సృష్టించలేదు, పక్కన ఉండి ఓర్చుకోవడానికి ఇలాంటి మనిషిని కూడా సృష్టించాడు. ఓర్చుకునేవాళ్ళుంటే ఎన్నేళ్ళయినా రేపు రేపు అనొచ్చు.

అలా ఉండగా ఒక గాలిరోజున పిన్ని పడింది. పట్టా ఎగిరింది, పట్టుకోబోయింది, సబ్బునీళ్ళ మీద కాలు జారింది. మణికట్టు విరిగింది. నేనూ అమ్మా పరుగెత్తేసరికి ఆ స్థితిలో కూడా ఆమె రెండో చేత్తో పట్టాను ముఖం దాకా లాక్కుని కూర్చుని ఉంది. నొప్పికి ఏడవలేదు. "ఎవరైనా చూశారా?" అని అడిగింది. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా బాబాయి ఆ క్షణంలో చేతికి దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆ సాయంత్రం చేతికి కట్టుతో పెరటి అరుగు మీద కూర్చుని పిన్ని మొదటిసారి నోరు విప్పింది. కిటికీలోంచి నాకు ప్రతి ముక్కా వినిపించింది.

"ఏవండీ, నాకు పనసచెక్క వద్దు. ఏ చెక్కయినా ఫర్వాలేదు. ఒక్క తలుపు పెట్టించండి. చావకముందు ఒక్కసారైనా రెండు చేతులతో స్నానం చేయాలనుంది."

మనిషన్నవాడికి ఆ మాట చాలు. బాబాయి నిట్టూర్చి ఏమన్నాడంటే, "ఇన్నాళ్ళు ఆగావు, ఇంకొక్క ఏడు ఆగలేవూ? ఈసారి కాయదు చూడు. ఆకు రంగు తేడాగా ఉంది."

అయితే ఆ మాట ఆయన్ని కూడా కొంచెం కుట్టినట్టుంది. ఊరికే కూర్చుంటే చెట్టు చావదని అర్థమైంది. కానీ బజారుకెళ్ళి ఒక తలుపు కొనుక్కురావాలని కాదు, చెట్టును చంపాలని ఆలోచన వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఇదే. టీకొట్టు దగ్గర ఎవడో పుణ్యాత్ముడు చెప్పాడట, మొదలులోకి ఇనుము దిగితే పచ్చని చెట్టు కూడా మాడిపోతుందని. నాన్న ఆఫీసుకు వెళ్ళగానే బాబాయి సుత్తి, పిడికెడు పొడుగాటి మేకులు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. నా కిటికీ వైపు మాత్రం చూడలేదు. నేలకు దగ్గరగా, చుట్టూతా దిగగొట్టాడు. తలలు పైకి కనిపించకుండా లోపలికి దింపి, మట్టి పూశాడు. పాలు కారితే గుడ్డతో తుడిచాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, మేస్త్రి కదా.

ఆయన బతుకంతా చచ్చిన చెట్లతోనే గడిచింది. పలక ఎటు వంగుతుందో, ఎక్కడ చీలుతుందో చెప్పగలడు. బతికున్న చెట్టు ఏం చేస్తుందో మాత్రం ఆయనకు ఓనమాలు తెలియవు. ఆ ఏడు పనసచెట్టు కాసింది చూడండి, అలా కాయడం నా జన్మలో చూడలేదు. కొమ్మలకు కాసింది, మొదలుకు కాసింది, ఒక కాయ ఏకంగా నేలకు ఆనుకుని పంది పడుకున్నట్టు పెరిగింది. అమ్మ చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"కాయని చెట్టుకి కత్తిగాటు పెడితే భయపడి కాస్తుందని మా అమ్మ అనేది. దీన్నెవరు బెదిరించారో మరి" అంది.

నాన్న మాత్రం అది తాను పోసిన ఎరువు మహిమ అన్నాడు. ఆయన పోసిన ఎరువల్లా కాఫీపొడి పిప్పి, అదీ అమ్మ చేత పోయించింది. ఆఫీసులో ఎరువుల మీద ఉపన్యాసాలిచ్చాడు. పై అధికారి స్వయంగా వచ్చి చెట్టు చూసి, నాన్న భుజం తట్టి, రెండు పళ్ళు కారులో వేయించుకుని వెళ్ళాడు. బాబాయి తన గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు. కక్కలేడు, మింగలేడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మేకులు చాలలేదనుకున్నాడు. మరుసటి ఏడు ఇంకా పెద్దవి కొట్టాడు. చెట్టు ఇంకా ఎక్కువ కాసింది. ఆ తరవాత ఏడు రైలు పట్టాలకు వాడేలాంటివి ఎక్కడినుంచో తెచ్చి కొట్టాడు. కాయలు మోయలేక ఒక కొమ్మ విరిగింది గానీ చెట్టు చావలేదు. తమ్ముడు చెట్టును చంపుదామని కొట్టే ప్రతి దెబ్బకూ అన్న ఇంట్లో పళ్ళు పండుతున్నాయి. ఇంత నిస్వార్థంగా అన్నకు సేవ చేసిన తమ్ముడు ఎక్కడా ఉండడు. పిన్ని మణికట్టు వంకరగా అతుక్కుంది. పట్టా అంచు నొక్కిపట్టడానికి ఇప్పుడు చేతికి బదులు మోచెయ్యి వాడుతోంది.

చివరికి ఆయన వల్ల కానిది గాలి చేసింది. ఒక రోజంతా వాన కురిసింది, మధ్యాహ్నానికి గాలి తిరిగింది, చూస్తుండగానే చెట్టు వేళ్ళతో సహా పక్కకు ఒరిగి పెరట్లో పడుకుంది. అదృష్టవశాత్తూ ఎవరి మీదా పడలేదు. దురదృష్టవశాత్తూ అన్నదమ్ములిద్దరూ ఇంట్లోనే ఉన్నారు.

బాబాయి వానలో తడుస్తూ దుంగ మీద చెయ్యి వేసి, "నాది" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు యవ్వనం, నడివయసు రెండూ ఖర్చయ్యాయి.

నాన్న గొడుగు వేసుకుని వచ్చాడు. "ఆగరా. కాయలున్నాయి కనిపించట్లేదా? కాసినంతకాలం నాది అన్నాడు నాన్న."

"పడిపోయిన చెట్టుకు కాపేమిటి అన్నయ్యా?"

"కాయ కొమ్మకి ఉందా లేదా? కొమ్మకి ఉన్నంతకాలం నాదే. ముదరనీ."

"వేళ్ళు పైకి లేచాక ఎక్కడ ముదురుతుంది?"

"ముదురుతుందో లేదో చెట్టు చూసుకుంటుంది. నువ్వు రంపం పెట్టావంటే మర్యాద దక్కదు."

తల నెరిసిన ఇద్దరు మనుషులు చచ్చిన చెట్టుకు చెరో పక్కా నిలబడి ఇలా వాదించుకున్నారు. పిందెలు వాడి, నల్లబడి, కుళ్ళి ఈగలు ముసిరేదాకా నాన్న రంపం పెట్టనివ్వలేదు. వీధంతా కంపు. పంతులుగారు అడ్డదారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. మొత్తానికి ఈ అన్నదమ్ముల వల్ల పిన్నికి ఒక్క మేలు జరిగిందంటే అదే. అమ్మకు విసుగొచ్చి ఆ కుళ్ళిన పిందెలన్నీ బుట్టలో వేసి నాన్న ముందు పెట్టి, "మీ వాటా, తీసుకోండి" అనేదాకా ఆయన కదల్లేదు.

బాబాయి చెట్టును దుంగలుగా కోయించి, బండి కట్టించి సామిల్లుకు తీసుకెళ్ళాడు. ఊరేగింపులా నాన్న కూడా వెనకే వెళ్ళాడు, దుంగ మీద ఇంకా ఏదైనా కాయ మిగిలిందేమోనని కాబోలు. మిల్లు పక్కనే దారాల దుకాణం ఉండటంతో నేనూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే దారాలు రెండో పని.

మొదటి దుంగ, అన్నిటికంటే లావైనది, చేవంతా ఉన్నది, పట్టీ రంపం మీదికి ఎక్కింది. జానెడు కోసిందో లేదో కీచుమని ఒక అరుపు, నిప్పురవ్వలు. రంపం పళ్ళు ఎగిరి రేకుల గోడకు తగిలాయి. మిల్లు యజమాని మెషీను ఆపించి, వచ్చి దుంగలోకి తొంగిచూశాడు. ఇంకో చోట కోసి చూశాడు. అక్కడా ఇనుమే. చుట్టూ చెక్క నల్లగా మరకలు పట్టి ఉంది.

"ఎవడయ్యా ఇది, చెట్టు లోపల ఇనుప దుకాణం పెట్టినవాడు? తీసుకెళ్ళు దీన్ని. పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు."

బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు మాత్రం ఊరుకోలేదు. "గిట్టనివాళ్ళెవరో చేశారు. నా కలప పాడుచేయాలని చూసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు" అంటూ మా నాన్న వైపు చూశాడు.

అంతవరకూ నేను ఏమీ అనకూడదనే అనుకున్నాను. కానీ ఎంత ఊరుకున్నా మనిషికి ఒక హద్దుంటుంది.

"నా కిటికీలోంచి చూశాను బాబాయ్. మూడేళ్ళూ చూశాను. సుత్తి నీదే, మేకులూ నీవే. మట్టి కూడా నువ్వే పూశావు."

మిల్లులో పనివాళ్ళు నవ్వారు. నాన్నకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది, కానీ నేననుకున్న దారిలో కాదు. "అంటే అంత కాపు కాసింది వీడి మేకుల వల్లనా? నా ఎరువు వల్ల కాదా?" అని దిగాలుపడి దుంగ మీద కూలబడ్డాడు. అన్నదమ్ములిద్దరిలో ఎవరు ఎక్కువ మూర్ఖుడో తేల్చడం ఆ రోజుతో నేను మానుకున్నాను.

చెట్టు పైభాగంలోంచి వచ్చిన, కాస్త సన్నపాటి దుంగలో మేకులు లేవు. దాన్ని కోస్తే రెండు వెడల్పాటి పలకలు వచ్చాయి. రెంటినీ పక్కపక్కన చేరిస్తే ఒక తలుపు. అంతా పోగా చేతికి దక్కింది సరిగ్గా ఒక తలుపు. ఇంకెవరికైనా అయితే అది చాలు. పలకలు ఇంటికి వచ్చిన రోజున పిన్ని వాటి పక్కన నిలబడి తన ఎత్తు చూసుకుని, కొంగుతో వెడల్పు కొలిచింది. "సరిపోతుందండీ" అంది. ఆమె గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

"పచ్చి చెక్క. నీడన ఆరాలి. తొందరపడితే వంగిపోతుంది" అన్నాడు బాబాయి. అది మాత్రం నిజమే. పలకలు అరుగు మీద ఆరాయి. వానలు వెళ్ళాయి, ఎండలు వచ్చాయి, మళ్ళీ వానలు వచ్చి వెళ్ళాయి. ఒకరోజు ఆయన చిత్రిక పట్టాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది, కింద నుంచి ఆ రంగు బయటపడింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ చెక్క అందంగా ఉంది. తేనె పూసినట్టు ఉంది. వీధివాళ్ళంతా వచ్చి చేత్తో నిమిరి చూశారు. పంతులుగారు కళ్ళజోడు తీసి మరీ చూశారు. బాబాయి అరుగు మీద మహారాజులా కూర్చుని అందరి పొగడ్తలూ అందుకున్నాడు.

జనం వెళ్ళాక పిన్ని అడిగింది. "మరి ఎప్పుడు బిగిస్తారు?"

"ఏమిటి బిగించేది?"

"తలుపు. స్నానాలగదికి."

బాబాయి ఆమె వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "దీన్నా? బాత్రూముకా? మతి ఉండే మాట్లాడుతున్నావా? ఇలాంటి చెక్క మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుందా? దీన్ని తీసుకెళ్ళి సబ్బునీళ్ళలో నానబెట్టమంటావా?"

"మరి దేనికి?"

"దేనికో ఒకదానికి. ఆలోచించాలి. తొందరేముంది? ముందు దీనికి దుమ్ము పడకుండా ఎండ తగలకుండా చూడాలి."

అని అటూ ఇటూ వెతికాడు. చుట్టడానికి ఇంట్లో ఏమీ కనిపించలేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి, స్నానాలగదికి వేలాడుతున్న గోనెపట్టా ఊడదీసి, దులిపి, పలకలకు చుట్టి, తాడుతో కట్టాడు. నేను మిషను ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఈయన గురించి నేను ఎంత చులకనగా మాట్లాడినా అది ఇంకా చాలదని ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దెక్కాక పిన్ని నీళ్ళ బకెట్టు మోసుకుని వచ్చింది. గుమ్మం బోసిగా ఉంది. బకెట్టు కింద పెట్టి దాన్ని చూస్తూ నిలబడింది. తరవాత అరుగు వైపు చూసింది. అక్కడ గోనెపట్టా పలకల మీద, పొత్తిళ్ళలో బిడ్డకు చుట్టినంత పదిలంగా చుట్టి ఉంది. బాబాయి పక్కనే కూర్చుని ఉలికి పదును పెట్టుకుంటున్నాడు.

పిన్ని బకెట్టు లోపల పెట్టి అరుగు మీదికి వచ్చింది. తాడు ముడి విప్పింది. పట్టాను తీసి పక్కన పడేసింది. ఒక పలకను ఆ వంకర చేత్తోనే పొదివి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుంటూ నడిచింది. పలక అంచు మట్టిలో గీత గీసుకుంటూ వచ్చింది. దాన్ని గోడకు ఆనించి, వెనక్కి వెళ్ళి రెండోది కూడా తెచ్చింది. బాబాయికి ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి ఆమె లోపలికి వెళ్ళి, రెండింటినీ గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, కింద ఇటుకలతో బిగించేసింది. సరిగ్గా సరిపోయాయి.

"ఏయ్! ఏం చేస్తున్నావే! అది పనసచెక్క! తడుస్తుంది!" బాబాయి ఉలి పారేసి పరుగెత్తుకొచ్చాడు. తోయడానికి చెయ్యి ఎత్తాడు. లోపల స్నానానికి సిద్ధమైన ఆడమనిషి ఉంది. చెయ్యి దించుకున్నాడు. గిర్రున తిరిగి నా కిటికీ వైపు చూశాడు. "అమ్మాయ్, నువ్వైనా చెప్పు మీ పిన్నికి!"

నేను జాకెట్టు చేతికి అంచు మడిచి మిషను తొక్కాను.

లోపల నీళ్ళు ధారగా పడిన చప్పుడు. మళ్ళీ ఇంకో చెంబు. అవి చెక్క మీద చింది, కింది సందులోంచి కారి, బాబాయి పాదాల దగ్గరికి వచ్చాయి.

"ఏవే, వినపడట్లేదూ? ఇంకెంతసేపు?"

"మీరు వెళ్ళి మీ పని చూసుకోండి" అంది పిన్ని లోపలినుంచి, తొందరేమీ లేని గొంతుతో. "ఇవాళ తల కూడా పోసుకుంటున్నాను."